ఉద్దానం కణాల లెక్క ఉద్దానంలో తేలాలి

మా ఉద్దానంలో, ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఊళ్లో ఇద్దరు కలిసినా, పంట సంగతి అడిగాక అడిగేది కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్ సంగతే. అక్షరం రాని ముసలమ్మ కూడా కొడుకు రిపోర్టులో అంకె ఎంతో పాయింటుతో సహా చెబుతుంది. సుగర్ లేదు, బీపీ లేదు. కొబ్బరిచెట్లు ఎక్కి దిగిన ఒళ్లు, జీడితోటలో పొద్దంతా వంగి లేచిన ఒళ్లు. నీరసమనో ఆకలి లేదనో ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీలు చాలామటుకు దెబ్బతినే ఉంటున్నాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఉద్దానంలో 2,402 మందిని పరీక్షించి 2020లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. ఎందుకొస్తోందో తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశమన్నారు. అనుమానం మారినప్పుడల్లా ఒక బృందం వచ్చింది. మా బావినీళ్లు, మా రక్తం, మా మూత్రం సీసాల్లో పట్టుకెళ్లింది. వాటిలో ఎన్నిటి ఫలితం మా గడప దాకా తిరిగి వచ్చిందో మాకు తెలుసు.

ఇక ముందు ఆ సీసాల్లో వెళ్లేవి మా కణాలు. ఒక్కో కణాన్ని విడిగా చదివే శాస్త్రం కిడ్నీ వైద్యంలోకి వచ్చేసింది. రేపో మాపో ఉద్దానానికీ వస్తుంది, రావాలి కూడా. అది వచ్చాక దాని వెనకాల పరిగెత్తడం కాకుండా, ముందే మా షరతులు మేం రాసిపెట్టుకోవాలని ఈ ప్రణాళిక.

రాస్తున్న మేము టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లం, పలాసలో సైన్సు పాఠాలు చెప్పేవాళ్లం, డయాలసిస్ వార్డుల్లో డ్యూటీ చేసేవాళ్లం, ఆ మంచాల మీద అన్ననో నాన్ననో చూసుకుంటున్నవాళ్లం. ఈ నేలకు ఉద్యమం కొత్త కాదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అదే ఏడాది మందస జమీందారీలో రైతుల పక్షాన నిలబడి వీరగున్నమ్మ తూటాకు నేలకొరిగింది. 2010లో సోంపేట బీల భూముల కోసం నిలబడ్డ రైతులు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు అడిగింది భూమి, నీరు. మేం అడుగుతున్నది ఒక పట్టికలో మా కణాలకు సరైన చోటు. ఆ పట్టిక ఏమిటో, అందులో చోటు తప్పితే ఏమవుతుందో ముందు విప్పి చెప్పాలి.

కిడ్నీ బయాప్సీలో సూదికి వచ్చేది సన్నటి పోగు, పొడవు సుమారుగా ఒక సెంటీమీటరు. ఇదివరకు ఆ ముక్కంతా రుబ్బి అందులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచేవారు. అన్ని రకాల కణాలూ కలిసిపోయి సగటు మాత్రం మిగిలేది. ఇప్పుడు కణాలను విడదీసి, నూనెలో తేలే సూక్ష్మమైన నీటిచుక్కల్లో ఒక్కొక్కదాన్ని బంధిస్తున్నారు. ప్రతి చుక్కలో ఒక పూస ఉంటుంది, పూస మీద ఆ చుక్కకే సొంతమైన గుర్తు ఉంటుంది. కణంలోని ఆర్‌ఎన్‌ఏ ఆ గుర్తును అంటించుకుని బయటికొస్తుంది. అన్నిటినీ కలిపి చదివినా ఏది ఏ కణానిదో చెప్పగలం. చివరికి చేతికొచ్చేది ఒక పట్టిక. ఒకవైపు ఇరవై వేలకు పైగా జన్యువులు, ఇంకోవైపు వేల కణాలు, గడికొక అంకె. గడుల్లో ఎక్కువ భాగం సున్నాలే.

ఏ కణం ఏ రకమో ఆ పట్టికలో ఎక్కడా రాసి ఉండదు. దాన్ని తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు. మా ఉద్యమం పుట్టింది ఇక్కడే.

ఎలా నిర్ణయిస్తాడు? కణం నుంచి కణానికి బాగా తేడా చూపించే రెండు మూడు వేల జన్యువులను ఏరుకుంటాడు. వాటి అంకెలను ముప్ఫై నలభై అక్షాలకు కుదిస్తాడు. ప్రతి కణానికీ దగ్గరి పొరుగు కణాలు ఏవో చూసి గీతలు కలుపుతాడు. ఆ గీతల వల ఎక్కడ చిక్కగా ఉందో అక్కడ ఒక గుంపు అని ప్రోగ్రామ్ చెబుతుంది. బెల్జియంలోని లూవాన్ పేరుతో 2008లో వచ్చిన పద్ధతి ఒకటి, దాని లోపాలు సరిచేసి నెదర్లాండ్స్‌లోని లైడెన్ పేరుతో 2019లో వచ్చింది ఇంకొకటి. వీటిని నడిపే సూరా, స్కాన్‌పై అనే ప్రోగ్రాములు రెండూ ఉచితమే. మామూలు లాప్‌టాప్ మీద కూడా నడుస్తాయి. వాటిలో రెజల్యూషన్ అనే ఒక అంకె మనం ఇవ్వాలి. తక్కువ ఇస్తే పది గుంపులు వస్తాయి, ఎక్కువ ఇస్తే పాతికా రావచ్చు. ఏది సరైనదో ప్రోగ్రామ్ చెప్పదు.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బల్లల ముందు కూర్చునే ఆడవాళ్లకు ఈ సంగతి మేం విడమర్చి చెప్పక్కర్లేదు. కాల్చి, పిక్క కొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసిన పప్పు వాళ్ల ముందుకు వస్తుంది. గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు. గుండులో మళ్లీ 180, 210, 240, 320. పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ అంకె. పెద్ద గింజ, చిన్న గింజ అనే తేడా నిజం. కానీ 240కీ 320కీ మధ్య చెట్టు ఏ గీతా గీయలేదు, ఆ గీత వ్యాపారం గీసింది. మధ్యరకం గింజ ఎటు వెళ్లాలో చేయి తిరిగిన అక్క కన్ను నిర్ణయిస్తుంది. కిడ్నీ కణాలకూ అంతే. రకాలు నిజంగానే ఉన్నాయి. వాటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ఏ ప్రశ్నకు జవాబు కావాలో దాన్ని బట్టి ఉంటుంది. జీడిపప్పు గీత ధర కోసం గీశారు. మా కణాల మధ్య గీత మా జబ్బు కోసం గీయాలి.

గీత తప్పుగా పడితే ఏమవుతుందో ఒక్క కణాన్ని తీసుకుని చూపిస్తాం. పదో తరగతి జీవశాస్త్రంలో సమీపస్థ సంవళిత నాళిక అని చదువుకున్నాం. కిడ్నీ రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడుతుంది. అందులో మూడింట రెండు వంతుల ఉప్పునూ నీటినీ వెనక్కి లాక్కునేది ఈ నాళిక గోడలోని కణమే. అంత చాకిరీకి తగ్గట్టు లోపల మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మా జబ్బులో మొదట దెబ్బతింటున్నది వడపోసే గుచ్ఛాలు కావు, నాళికలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు తోటల్లో కూలీలను పట్టుకున్న జబ్బు తీరూ అదే. 2020లో ఒక అంతర్జాతీయ బృందం శ్రీలంక తదితర దేశాల రోగుల బయాప్సీలు చూసి, ఈ సమీప నాళిక కణాల్లోనే వికారమైన లైసోజోములు ఉన్నాయని చెప్పింది. పురుగుమందుల్లాంటి విషం అనుమానానికి అది ఒక ఆధారమని వాళ్ల వాదన. దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఏ వాదం నెగ్గినా సాక్ష్యం చెప్పాల్సింది ఈ కణమే.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి రండి. చచ్చిపోతున్న కణం పొర చిల్లుపడి దాని ఆర్‌ఎన్‌ఏ బయటికి కారిపోతుంది, మైటోకాండ్రియాలోది మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకని ఒక కణం ఆర్‌ఎన్‌ఏలో మైటోకాండ్రియా వాటా ఎక్కువగా కనబడితే అది చచ్చిన కణమని తీసేస్తారు. నేర్చుకునేవాళ్లకు ఇచ్చే పాఠాల్లో ఆ హద్దు తరచూ 5 శాతం. రక్తకణాలకు ఆ హద్దు బాగానే కుదిరింది. అదే అంకెను కిడ్నీకి పెడితే, బతికుండి శుభ్రంగా పనిచేస్తున్న సమీప నాళిక కణాలే రాశులుగా చెత్తబుట్టలోకి వెళ్తాయి. వాటిలో మైటోకాండ్రియా పుట్టుకతోనే ఎక్కువ. తర్వాత లెక్క చూసినవాడికి ఆ కణాలు తక్కువగా కనిపిస్తాయి. ఉద్దానం రోగుల్లో సమీప నాళిక కణాలు నశించిపోతున్నాయని వ్యాసం వస్తుంది, పత్రికల్లో వార్త వస్తుంది. వాటిని నశింపజేసింది జబ్బా, ఆ 5 అనే అంకా అని అడిగేవాడు ఎవడు? అడిగేవాళ్లు ఇక్కడే, ఈ జిల్లాలోనే ఉండాలి.

కాబట్టి ఉద్దానం నమూనాల మీద పనిచేసే ఎవరైనా, ఉంచుకున్న కణాల లెక్కతో పాటు తీసేసిన కణాల లెక్క కూడా బయటపెట్టాలి. ఏ రోగి నుంచి ఎన్ని తీసేశారు, ఏ హద్దు మీద తీసేశారు, హద్దు మార్చితే ఫలితం నిలబడుతుందా? ఇవి చెప్పని ఫలితాన్ని మేం ఒప్పుకోం. ఒక్క చుక్కలో రెండు కణాలు ఇరుక్కుంటే వచ్చే నకిలీ గుంపుల సంగతీ చెప్పాలి. నాళిక కణం, దాని పక్కన చేరిన రక్షణ కణం జంటగా చిక్కితే కొత్త రకం కణం దొరికినట్టే ఉంటుంది. వాపు ఉన్న కిడ్నీలో అలాంటివి ఇంకా ఎక్కువ. కొత్త కణం కనుక్కున్నామనే ప్రకటన ఆశలు రేపి తుస్సుమంటే, తర్వాత నిజంగా దొరికిన దాన్ని కూడా మా జనం నమ్మరు.

మరో చిక్కు ఇంతకన్నా లోతైనది. మనిషి ఒంట్లోని కణాలన్నిటి పటం గీద్దామని 2016లో హ్యూమన్ సెల్ అట్లాస్ మొదలైంది. కిడ్నీ వరకు చూస్తే, అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచిన బృందాలు 2023లో నేచర్ పత్రికలో గొప్ప అట్లాస్ ప్రచురించాయి. నాలుగు లక్షలకు పైగా కణాలు, కేంద్రకాలు చదివి 51 ప్రధాన రకాలనూ, గాయపడిన కిడ్నీలో మారిపోయిన 28 స్థితులనూ గుర్తించాయి. ఆ పని పట్ల మాకు గౌరవమే ఉంది, దాని మీదే మా పాఠాలు మొదలవుతాయి. అయితే అన్ని లక్షల కణాలూ వచ్చింది 45 మంది ఆరోగ్యవంతుల కిడ్నీల నుంచి, 48 మంది రోగుల నుంచి. ఏళ్ల తరబడి ఎండలో కొబ్బరి దింపిన మనిషి కిడ్నీ ఎలా ఉంటుందో అందులో వెతికితే దొరకదు.

ఇకపై వచ్చే ఏ కొత్త నమూనానైనా చాలామంది అలాంటి అట్లాస్‌తో పోల్చి పేర్లు పెట్టేస్తారు. మన కణం దేనికి దగ్గరగా ఉంటే దాని పేరు దీనికి తగిలిస్తారు. ఎలుకల కిడ్నీలో గాయం చేసి చూసినవాళ్లు, కోలుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన సమీప నాళిక కణాలను 2020లో గుర్తించారు. తన సొంత పని తాలూకు జన్యువులను తగ్గించుకుని, వీక్యామ్1 లాంటివి పెంచుకుని, చుట్టూ మచ్చ కట్టించే కణం అది. ఒక్కసారి తగిలిన దెబ్బ తర్వాత కనబడ్డ స్థితి. ఇరవై ఏళ్లపాటు రోజూ కొద్దికొద్దిగా దెబ్బ తింటున్న కణం కూడా అదే స్థితికి వస్తుందా? వేరే దారి పడుతుందా? దగ్గరి పేరు తగిలించి ఊరుకునే పద్ధతిలో ఆ ప్రశ్నకు చోటే లేదు. ఏ పేరుకూ కుదరని కణాలను కుదరలేదనే రాయాలి. ఎంత నమ్మకంతో ఆ పేరు పెట్టారో ప్రతి కణానికీ అంకె ఇవ్వాలి. పేరు లేని ఆ మిగులులోనే మా జబ్బు దాగి ఉండవచ్చు.

దీనికి తోడు, వేర్వేరు ప్రయోగశాలల్లో చేసిన నమూనాలను ఒకచోట కలిపేటప్పుడు యంత్రం తేడా, రసాయనం తేడా, రోజు తేడా చెరిపేసే ప్రోగ్రాములు వాడతారు. హార్మనీ, ఎస్‌సీవీఐ ఆ కోవవే. అవి లేకుండా పని జరగదు. కానీ ఉద్దానం నమూనాలన్నీ ఒక రోజు, వేరే చోటి ఆరోగ్యవంతుల నమూనాలన్నీ ఇంకో రోజు చేస్తే, యంత్రం తెచ్చిన తేడా ఏదో, జబ్బు తెచ్చిన తేడా ఏదో ఏ ప్రోగ్రామూ విడదీయలేదు. రెండిటినీ కలిపే తుడిచేస్తుంది. మనం వెతుకుతున్నదే మురికి కింద కొట్టుకుపోతుంది. అందుకే రోగుల నమూనాలూ ఆరోగ్యవంతుల నమూనాలూ ఒకే రోజు, ఒకే చోట కలిపి చేయాలి. పోల్చడానికి హైదరాబాద్‌లోనో బోస్టన్‌లోనో ఉన్న మనిషి చాలడు. అదే ఊళ్లో అదే బావినీళ్లు తాగి అదే తోటలో పనిచేస్తూ జబ్బు లేకుండా ఉన్న మనిషి కావాలి. తీరం వెంబడి బెస్తపల్లెల వాళ్లు, మెట్టలో జీడితోటల వాళ్లు, పలాస జీడి కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్లు, అందరూ అందులో ఉండాలి.

ఎంతమంది అన్నదీ ముఖ్యమే. పదిమంది నుంచి అయిదేసి వేల కణాలు తీస్తే యాభై వేల కణాలు వస్తాయి, ఆధారం మాత్రం పదిమందిదే. ఒక మనిషిలోని కణాలన్నీ ఒకే రక్తం, ఒకే వయసు, ఒకే అలవాటు పంచుకున్నవి. యాభై వేల సాక్షులు ఉన్నట్టు గణితం చేస్తే లేని తేడాలు గుట్టలుగా పుట్టుకొస్తాయి. ఈ తప్పు పేరున్న వ్యాసాల్లో కూడా జరిగింది, అది పొరపాటని 2021లో గట్టిగానే నిరూపించారు. కణాలు తక్కువైనా పర్వాలేదు, మనుషులు ఎక్కువ కావాలి.

బయాప్సీ విషయంలో మా మాట ఖచ్చితం. జబ్బు ముదిరి ముడుచుకుపోయిన కిడ్నీలో సూది గుచ్చితే రక్తస్రావం ప్రమాదం ఉంది, దొరికేది మచ్చే. పరిశోధన కోసమే అని ఆ స్థితిలో ఎవరికీ సూది గుచ్చనివ్వం. మొదటి దశలో, వైద్యానికే బయాప్సీ అవసరమని డాక్టరు చెప్పినప్పుడు, అందులోంచి మిగిలిన చిన్న ముక్కను రోగి ఒప్పుకుంటే వాడుకోవచ్చు. కణాలు విడదీయడానికి ముక్క తాజాగా ఉండాలి, ఇక్కడి నుంచి పెద్ద ప్రయోగశాలకు చేరేలోపు చెడిపోతుంది. గడ్డకట్టించిన ముక్క నుంచి కేంద్రకాలను విడదీసి చదివే పద్ధతి అందుకు విరుగుడు. పలాసలోనే గడ్డకట్టించి పంపవచ్చు. ఇందాక చెప్పిన మైటోకాండ్రియా చిక్కూ చాలావరకు తగ్గుతుంది, కణాలు విడదీసేటప్పుడు పోయే రకాలూ దొరుకుతాయి.

అంతకన్నా మాకు ఆశ కలిగిస్తున్నది మూత్రం. మూత్రంలోకి రాలిపడే కిడ్నీ కణాలను ఒక్కొక్కటిగా చదవవచ్చని సుగర్ రోగుల మీద చేసిన పని ఇప్పటికే చూపించింది. సూది లేదు, మంచం లేదు. కాకపోతే మూత్రంలో కణం తొందరగా చచ్చిపోతుంది, మే నెల ఎండలో ఇంకా తొందరగా. సేకరించిన వెంటనే చల్లబెట్టి, తిప్పి, కణాలను దించే ఏర్పాటు ఊరికి దగ్గర్లో ఉండాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ గోడల మధ్య ఇలాంటి గది ఒకటి, అందులో శిక్షణ పొందిన మా పిల్లలు ఇద్దరు ముగ్గురు, ఇది మా మొదటి కోరిక.

సమాచారం ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. ఆర్‌ఎన్‌ఏ పూర్తి పాఠంలో మనిషి జన్యువుల జాడ ఉంటుంది. దానికి ఊరి పేరు, వయసు, వృత్తి కలిస్తే నూరు గడపల పల్లెలో ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు. అది తెలిస్తే ఆ ఇంటి పిల్లకు పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు. ఈ ప్రాంతంలో పెళ్లిచూపుల్లో కిడ్నీ మాట వస్తూనే ఉంది. అందుకే పూర్తి పాఠం అనుమతి ఉన్నవాళ్లకే, ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రం లాంటి చోట భద్రంగా ఉండాలి. కణాలు, జన్యువుల అంకెల పట్టిక, దాన్ని నడిపిన ప్రోగ్రామ్, పెట్టిన ప్రతి హద్దు మాత్రం అందరికీ తెరిచి ఉండాలి. అంగీకారపత్రం తెలుగులో, మా మాటలో ఉండాలి. మందస కొండ దిగువ సవరలకు వాళ్ల మాటలో, ఒడియా ఇళ్లకు ఒడియాలో చదివి వినిపించాలి. తర్వాత వద్దనుకున్నవాళ్లు తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండాలి. ఫలితం ముందు ఏ దేశంలో అచ్చయినా, అచ్చయిన నెలలోగా నమూనా ఇచ్చిన ఊళ్లో చదివి చెప్పాలి.

డయాలసిస్ మిషన్ కోసం వంతు కాస్తుంటే కణాల లెక్కలు ఎవరిక్కావాలని మా ఇళ్లలోనే అడుగుతున్నారు. ఆ కోపం న్యాయమైనదే. హిరమండలం నుంచి పైపుల్లో వస్తున్న నీరు ప్రతి ఇంటికీ, ప్రతి రోజూ చేరాలి. డయాలసిస్‌కు వెళ్లే మనిషికి బస్సు ఖర్చు, పింఛను ఆగకూడదు. వాటికి ఇచ్చే డబ్బులో ఒక్క రూపాయి కూడా కణాల పనికి మళ్లించడానికి మేం ఒప్పుకోం. కానీ కారణం తేలనంత కాలం ఇప్పుడు పదేళ్ల వయసున్న పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత అదే వంతులో నిలబడతారు. ఈ శాస్త్రం ఒక్కటే కారణం తేల్చేస్తుందని మేం అనడం లేదు. నీటి పరీక్ష, ఎండ కొలత, పురుగుమందుల చిట్టా, కుటుంబ చరిత్ర, అన్నీ కలవాలి. విషం ఏదైనా అది ముందుగా ఏ కణాన్ని పట్టుకుంటోంది, ఏ క్రమంలో చెడగొడుతోంది అన్నది చూపించగల సాధనం ఇది. ఆ క్రమం తెలిస్తే అనుమానితుల జాబితా చిన్నదవుతుంది.

మొదటి పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి రక్తమూ అక్కర్లేదు. అమెరికా కిడ్నీ అట్లాస్ తాలూకు అంకెల పట్టికలు ఉచితంగా దింపుకోవచ్చు. టెక్కలి, పలాస, ఎచ్చెర్ల కాలేజీల్లోని పిల్లలు సెలవురోజుల్లో కూర్చుని అదే సమాచారాన్ని మైటోకాండ్రియా హద్దు 5 దగ్గర ఒకసారి, 20 దగ్గర ఒకసారి, 50 దగ్గర ఒకసారి పెట్టి నడపాలి. ఏ హద్దు దగ్గర ఎన్ని సమీప నాళిక కణాలు పోయాయో తెలుగులో రాసి, పలాస ఆసుపత్రి ఆవరణలో రోగులకూ వాళ్ల మనుషులకూ చదివి వినిపించాలి. జీవశాస్త్రం మాస్టార్లు కణం గురించి చెప్పాలి, లెక్కల మాస్టార్లు పొరుగు కణాల వల గురించి చెప్పాలి, నర్సులు మూత్రం సేకరించే తీరు నేర్పాలి. లాప్‌టాప్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి. లేనివాళ్లు రండి, ఇద్దరికి ఒకటి చొప్పున సర్దుతాం.